పూయని ఇంటికి నీళ్ళు బంద్

హలో... ఆఁ, వినపడుతోందా అండీ? అన్నాలయ్యాయా? కాకపోతే తింటూనే వినండి, నేనేమీ అనుకోను. ఇప్పుడు చెప్పబోయేది తుమ్మలమెట్ట అనే ఊరి సంగతి. ఆ ఊరు మ్యాపులో వెతక్కండి, దొరకదు. కానీ మీ ఊరి మునిసిపాలిటీ ఆఫీసు ముందు కాసేపు నిలబడి చూడండి, ఇదెక్కడో చూసినట్టుందే అనిపిస్తుంది.

ఆ తుమ్మలమెట్టలో వీరరాఘవులు అని ఒక టైలరు. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడంలో చేయి తిరిగిన మనిషి. అతని కూతురు హైమ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి, అది మన పద్ధతి. పద్ధతి బాగానే ఉంటుంది కానీ పురుడంటే ముందు కావలసింది నీళ్ళు. బాలింతకు నీళ్ళు, బిడ్డకు నీళ్ళు, గుడ్డలకు నీళ్ళు, చూడవచ్చిన చుట్టాల కాళ్ళకు నీళ్ళు. తుమ్మలమెట్టలో బోరు వేస్తే దుమ్ము వస్తుంది. ఉన్నదల్లా మునిసిపాలిటీ కుళాయి. అదీ రోజు విడిచి రోజు. ముందు గాలి వస్తుంది, తర్వాత దగ్గు వస్తుంది, ఆ తర్వాత నీళ్ళొస్తాయి.

అందుకే రాఘవులు భార్య తిరుపతమ్మ ముందుగానే చెప్పింది.

"ఏమయ్యో, పిల్ల పురుడు గడిచిందాకా నువ్వు ఎవురితోనన్నా తగాదా పెట్టుకో. మా అన్నతో పెట్టుకో, నేనేం అడ్డం రాను. ఆ కుళాయోళ్ళతో మాత్రం పెట్టుకోమాక."

"నేనెందుకు పెట్టుకుంటానే? నా నోట్లో ఎప్పుడూ గుండుసూదులేగా ఉండేది," అన్నాడు రాఘవులు.

మనం పెట్టుకోకపోయినా వచ్చి పడే తగాదాలు కొన్ని ఉంటాయి. ఇదలా వచ్చింది.

తుమ్మలమెట్ట కమిషనర్ పీతాంబరం గారు మురుగు కాలవల గురించి చదువుకోవడానికి సర్కారు ఖర్చు మీద ఒక చలిదేశం వెళ్ళి వచ్చారు. అక్కడ కాలవలు భూమి లోపల ఉంటాయట, కనపడలేదు. కనపడినవి ఇళ్ళ ముందు పూలు. ఆయన తిరిగొచ్చి కౌన్సిల్ మీటింగు పెట్టి, కళ్ళు మూసుకుని మాట్లాడారు.

"ఇన్నాళ్ళూ మనం పౌరులకు నీరు, దీపం, రోడ్డు అంటూ పాతకాలపు ఆలోచనలోనే ఉండిపోయాం. మన లక్ష్యం పౌరుడి మనోవికాసం. మనసు వికసించిన పౌరుడు రోడ్డు అడగడు."

కౌన్సిలర్లు బల్లలు చరిచారు. ఇన్నాళ్ళుగా రోడ్డు గురించి అడిగించుకుంటున్నది వాళ్ళే కదా.

ఇంటింటికీ ఒక పూలమొక్క అని తీర్మానం జరిగింది. ఏ మొక్క అన్న దగ్గర చర్చ వచ్చింది. ఒకాయన మల్లె అన్నాడు. కమిషనర్ గారు తల అడ్డంగా ఊపారు.

"మల్లెను ప్రజలు కోసుకుని వాడుకుంటారు. ప్రభుత్వ పుష్పాన్ని ప్రజలు వాడుకునే పరిస్థితి ఉండరాదు. కాగితంపూల మొక్కను పరిశీలించండి. వాసన లేదు, తల్లో పెట్టుకోరు, దేవుడికి పెట్టరు, మేక కూడా ఆలోచించి తింటుంది. పరిపాలనకు పూర్తిగా అనువైన పుష్పం."

అలా కాగితంపూలు ఖాయమయ్యాయి. పైగా ఆ ఏడాది రాష్ట్రంలో 'వసంతపురి' అని ఒక బహుమతి పెట్టారు. ఉగాదికి ఏ ఊరు ఎక్కువ పూస్తే ఆ ఊరికి. దాంతో కమిషనర్ గారికి నిద్ర పట్టలేదు. ఉగాదికల్లా ప్రతి ఇంటి మొక్కా పూయాలని ఆజ్ఞ వేశారు. పూయకపోతే ఏం చెయ్యాలి? మునిసిపాలిటీ చేతిలో ప్రజలకు ఇచ్చేది ఒక్క కుళాయే ఉంది కాబట్టి, తీసుకోగలిగింది కూడా అదొక్కటే. పూయని ఇంటికి నీళ్ళు బంద్.

ఇంకో నిబంధన కూడా ఉంది. మొక్కకు పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు నీళ్ళు పోసి, పోస్తుండగా ఫోటో తీసి 'వికసించు తుమ్మలమెట్ట' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెట్టనివాళ్ళ పేర్లు ఆటో మైకులో చదువుతారు.

రాఘవులు భయపడ్డాడు. నీళ్ళ కోసం నీళ్ళు పోశాడు. ఇంట్లోకి వచ్చిన బిందెల్లో సగం మొక్కకే పోయేవి. హైమ ఒళ్ళంతా చెమటతో అరుగు మీద కూర్చుని చూస్తుండేది.

"నానా, ఆ బకెట్టు నా నెత్తిన పొయ్యరాదా, నేనూ ఏదో ఒకటి పూస్తాను," అంది ఒకరోజు.

"నువ్వు ఉగాదికి ఎట్టాగూ పూస్తావులే తల్లీ. నా దిగులంతా దీని గురించే," అన్నాడు రాఘవులు.

మొక్క మాత్రం నీళ్ళు తాగి తాగి గోడ దాటింది, రేకుల కప్పు ఎక్కింది, పక్కింటి మస్తాన్‌వలి దండెం మీద చొక్కా పట్టుకుంది. ఆకులు తమలపాకుల్లా నిగనిగలాడాయి. ముళ్ళు రాఘవులు సూదుల కంటే పదునుగా వచ్చాయి. పువ్వు మాత్రం రాలేదు. రాఘవులు ఇల్లే కాదు, ఊరంతా అదే తంతు. ఎక్కడ చూసినా పచ్చటి ముళ్ళ అడవి.

ఉగాది దగ్గర పడుతుండగా తనిఖీ మొదలైంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు గుణశేఖరాన్ని పుష్ప పర్యవేక్షకుడిగా మార్చారు. కాలవలు తియ్యడం ఆగిపోయింది, పూలు చూడటం మొదలైంది. ఆయన రాఘవులు మొక్క ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు అటు తిరిగాడు, కాసేపు ఇటు తిరిగాడు.

"ఏమయ్యా రాఘవులూ, దీనికి సహకార ధోరణి కనబడటంలేదే."

"నేను పోసేది పోస్తన్నా సార్. ఫోటోలు కూడా పెడతన్నా."

"నిన్ననటం లేదయ్యా. దాన్నంటున్నాను. ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడు పూయాలి గదా. సరే, చట్టప్రకారం దానికీ ఒక అవకాశం ఇవ్వాలి."

బ్యాగులోంచి ఒక కాగితం తీసి కొమ్మకు గుచ్చాడు. మొక్కకి షోకాజ్ నోటీసు. ఎందుకు పూయలేదో వారంలోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను, ఇచ్చుకోని పక్షంలో ఇంటి యజమాని కుళాయి తొలగించబడును.

రాఘవులు దాన్ని రెండుసార్లు చదివాడు. "సార్, ఒకవేళ ఇది సంజాయిషీ చెప్పకపోతే?"

"మౌనం అంగీకారం. నేరం ఒప్పుకున్నట్టే," అన్నాడు గుణశేఖరం.

లోపల హైమకు కాళ్ళు వాచి ఉన్నాయి. డాక్టరమ్మ ఇంక ఎప్పుడైనా నొప్పులు రావచ్చంది. తిరుపతమ్మ మొగుడి వంక చూసిన చూపులో ఒక్కటే మాట ఉంది. కుళాయి.

అప్పుడు రాఘవులుకి ఒక ఆలోచన వచ్చింది. దేవుడు పూయించకపోతే ఏం, చేతిలో కత్తెర ఉంది. సీమంతానికి వియ్యపురాలు శేషారత్నం పెట్టిన రాణీ రంగు జాకెట్టు ముక్క బీరువాలో ఉంది. అచ్చం కాగితంపూల రంగే. తిరుపతమ్మ కుదరదంది.

"ఆవిడ పెట్టిన ముక్కయ్యా అది. రేపు బారసాలకొచ్చి జాకెట్టేదంటే ఏం చెప్పేది?"

"చెట్టుకి కుట్టించాం వదినా అని చెప్దువులే. ముందు కుళాయి నిలబడనీ."

కూర్చుని కుట్టాడు. ఒక్కో పువ్వుకి మూడేసి రెక్కలు. మధ్యలో తెల్ల దారంతో చిన్న ముడి. గంపెడు పూలయ్యాయి. పొద్దున్నే కొమ్మలకు కట్టేసరికి, దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. మస్తాన్‌వలి అయితే దగ్గరికొచ్చి ముట్టుకుని గానీ నమ్మలేదు.

"రాఘవులన్నా, నువ్వు బెమ్మదేవుడి దగ్గర జాబుకి పోవాల్సిందన్నా, ఇక్కడ జాకెట్లు కుడతన్నావు."

గుణశేఖరం వచ్చాడు. చూశాడు. ముఖం విప్పారింది. పెన్ను తీసి 'పుష్పించినది' అని రాయబోతూ, ముచ్చటపడి ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నాడు. అంచును వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. మెల్లగా తలెత్తాడు.

"ఏమయ్యా, పువ్వుకి పీకో ఏంది?"

 అంచు కుట్టకుండా గుడ్డ వదలడం రాఘవులు వల్ల కాదు. దారప్పోగులు లేస్తే జన్మలో సహించలేడు. అంతమంది కంటికి దొరకని పూలు, చేతి నేర్పు దగ్గర దొరికిపోయాయి.

"మా ఆవిడ చీరలన్నీ నీ దగ్గరే పీకో వేయించుద్ది. ఆ కుట్టు నాకు తెలీదనుకున్నావా? పుష్ప ఫోర్జరీ ఇది. మామూలు కేసు కాదు," అన్నాడు గుణశేఖరం. కళ్ళల్లో మాత్రం కొంచెం మెచ్చుకోలు ఉంది. "కుట్టు బాగుందిలే. అయినా కుళాయి తీసెయ్యక తప్పదు."

ఆ మధ్యాహ్నమే ఫిట్టరొచ్చి కుళాయి విప్పి, పైపు మూతికి చెక్క బిరడా కొట్టి పోయాడు. సాయంత్రం హైమకు నొప్పులొచ్చాయి.

ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి అదిరేలా ఏడ్చింది. తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి ఇంట్లో చుక్క నీరు లేదు. మస్తాన్‌వలి ఇంటి కుళాయి ఇంకా ఉంది, వాళ్ళ మొక్క చాటున రెండు పూలు పూసింది. వాళ్ళింటి నుంచి రాఘవులు బిందెలు మోశాడు. అరువు నీళ్ళు కాబట్టి చుక్క చుక్కా చూసి వాడుకున్నారు. పొయ్యి మీద పెట్టిన నీళ్ళకు కాపలా ఉన్నారు. పసిదానికి చెంబుడు నీళ్ళు, బాలింతకు బకెట్టు. తిరుపతమ్మకూ రాఘవులుకూ తడిగుడ్డ. మొక్క సంగతి ఎవరికి కావాలి? దానివంక చూస్తేనే రాఘవులుకి మంట.

మొక్క వాడింది. ఆకులు రాలాయి. పీడా పోయిందనుకున్నారు. కొద్దిరోజులు పోయాక ఒక పొద్దున తిరుపతమ్మ తలుపు తీసి, "ఏమయ్యో, ఇట్టా రా," అని పిలిచింది.

మొక్క నిండా పూలు. ఆకన్నది కనపడటం లేదు. ముళ్ళు కూడా పూలల్లో మునిగిపోయాయి. రేకు మీద నుంచి రాణీ రంగు వాన కురిసినట్టు కిందికి దిగింది.

గుణశేఖరం పరుగున వచ్చాడు. ఈసారి ముందు అంచు తడిమి చూశాడు. పీకో లేదు. నిజం పూలే. పెద్ద ఎత్తున ఉత్సవం చేశారు. ఫిట్టరొచ్చి చెక్క బిరడా పీకి, కొత్త కుళాయి బిగించి, కుళాయికి దండ వేశాడు. గుణశేఖరం రెండు ముక్కలు మాట్లాడాడు.

"శిక్షతో మొక్కలో మార్పు వచ్చింది. ఇది పశ్చాత్తాప పుష్పం."

నీళ్ళొచ్చాయి. తిరుపతమ్మ ముఖం తెరిపిన పడింది. పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, తనివితీరా నీళ్ళు పోసి స్నానం చేయించింది. బాలింతకు కాగు నిండా కాచి పోసింది. ఆ నీళ్ళన్నీ గచ్చు మీంచి పారి మొక్క మొదట్లోకి పోయాయి. వారం తిరిగేసరికి పూలన్నీ రాలి, కొత్త ఆకులు చిగిర్చి, మొక్క మళ్ళీ నిగనిగలాడింది. మళ్ళీ నోటీసు. మళ్ళీ ఫిట్టరు. మళ్ళీ చెక్క బిరడా. కుళాయికి వేసిన దండ ఇంకా తియ్యనేలేదు.

ఈసారి రాఘవులు దిగులు పడలేదు, కూర్చుని ఆలోచించాడు. మస్తాన్‌వలి గోడ మీంచి బిందె అందించాడు.

"వలీ, నాకొకటి తోస్తంది. దీనికి నీళ్ళు పోస్తే ఆకులేస్తంది, మాన్పిస్తే పూస్తంది."

"అచ్చం మా మేనమామేనన్నా. కూచోబెట్టి పెట్టినన్నాళ్ళూ కదల్లా. పెట్టడం మానేస్తే పనికిపోయాడు."

"అయితే సంగతి తేలికే గదా. మొక్కకి పొయ్యకపోతే సరిపోద్ది. ఆ నీళ్ళు మన ఇంట్లోకి వస్తయ్, పూలు వాళ్ళకొస్తయ్. ఇద్దరికీ మంచిదే."

"పోయి చెప్పన్నా. నీ పేరు చెప్పుకుని ఊరంతా బాగుపడుద్ది."

రాఘవులు ఇస్త్రీ చొక్కా వేసుకుని సోమవారం అర్జీల రోజున కమిషనర్ ఆఫీసుకి పోయాడు. పాపం, మంచి చేద్దామనే పోయాడు. పీతాంబరం గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అంటే, నీరు ఆగితే పుష్పం. నీరు సాగితే ఆకు. ఇదేనా నీ పరిశోధన?"

"అదే సార్. అందుకని మొక్కకి నీళ్ళు పొయ్యమాకండి అని మీరొక్క మాట మైకులో చెప్పిస్తే చాలు. నా కుళాయి నాకిచ్చేయండి. ఇంట్లో పచ్చిబాలింత ఉంది సార్, పసిగుడ్డు ఉంది. వియ్యాలోరు బారసాలకు వస్తన్నారు."

కమిషనర్ గారు కళ్ళు తెరిచారు. చాలాకాలం తర్వాత తెరిచినట్టున్నారు, పక్కన నిలబడ్డ గుణశేఖరం కూడా ఉలిక్కిపడ్డాడు.

"పొయ్యొద్దని చెప్పలేమయ్యా. రోజూ రెండు బకెట్లు పోయించుచున్నాము అని పైకి నివేదిక పోయింది. పోయిన నివేదికను వెనక్కి తేవడానికి ఏ నియమమూ లేదు. పోయమని చెప్పిన నోటితోనే వద్దని చెప్పినా, జనం వినరు. కూరగాయలు కడిగిన నీళ్ళని పోస్తారు, చెయ్యి కడుక్కుంటూ పోస్తారు. ప్రజల మీద ఆధారపడి పరిపాలన సాగదు. మన చేతిలో ఉన్నది ఏమిటి గుణశేఖరం?"

"వాల్వు సార్."

"వాల్వు," అన్నారు కమిషనర్ గారు, మంత్రంలా. లేచి వచ్చి రాఘవులు భుజం తట్టారు. "నువ్వు వెళ్ళు. నీ సేవను ఊరు మరిచిపోదు."

ఊరు నిజంగానే మరిచిపోలేదు. మర్నాడు పొద్దున ఊరు మొత్తానికి నీళ్ళు ఆగిపోయాయి. ఆటో మైకు వీధి వీధీ తిరిగింది. పుర ప్రజలకు విజ్ఞప్తి. పట్టణ సౌందర్యం దృష్ట్యా, మన తోటి పౌరుడు శ్రీ వీరరాఘవులు గారి అమూల్య సూచన మేరకు, మంచినీటి సరఫరాకు పుష్ప విరామం ప్రకటించడమైనది.

అరుగు మీద కూర్చున్న రాఘవులు లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

రెండు ఆజ్ఞలూ అమల్లోనే ఉన్నాయి సుమండీ. మొక్కకు రెండు పూటలా నీళ్ళు పోసి ఫోటో పెట్టాలి. ఊళ్ళో నీళ్ళు ఉండకూడదు. జనం తెలివైనవాళ్ళు కాబట్టి ఖాళీ బకెట్టు వంచి ఫోటోలు తీసుకున్నారు. కొందరు ఖాళీ బకెట్టు వంచుతూ నవ్వారు కూడా, గ్రూపులో నవ్వు ఫోటోకి రెండు చేతులు జోడించిన బొమ్మలు ఎక్కువ పడతాయి.

తాగే నీళ్ళ కోసం ఊరి బయట పొలాల బావుల దగ్గర బారులు తీరారు. ట్యాంకర్లు వస్తే బాగుండును అన్నారు. ట్యాంకర్లు దారంతా కారుకుంటూ పోతాయి, దారి పక్క మొక్కలు తడుస్తాయి, అందుకని వాటిని ఊరి పొలిమేరలోనే ఆపారు. పుష్ప భద్రతా దళం అని టోపీలు పెట్టి మనుషుల్ని నిలబెట్టారు. ఒకరోజు బావి నుంచి బిందె మోసుకొస్తున్న ముసలమ్మను ఆపి, బిందె తొణక్కుండా నడవమని హెచ్చరించారు. ఆవిడ బిందె దించి, రాఘవులు ఇల్లెక్కడ అని అడిగి కనుక్కుని మరీ వచ్చి తిట్టి పోయింది.

"ఏమయ్యా దర్జీ, ఊరందరి గొంతులూ కొలిచి కత్తిరించావు గదయ్యా."

రాఘవులు చేతులు కట్టుకుని విన్నాడు. మస్తాన్‌వలి కుళాయి కూడా పోయింది. అయినా అతనేమీ అనలేదు. గోడ మీంచి ఒక్క మాట అన్నాడు. "నేనే గదన్నా పోయి చెప్పమంది. తిట్లలో సగం నాకు పంపించు."

ఊరు పూసింది. ఎట్లా పూసిందని చెప్పను. మెయిన్‌రోడ్డు నుంచి ఆస్పత్రి సందు దాకా ఒకటే రాణీ రంగు. ఫోటోలు తీసుకోవడానికి పక్క ఊళ్ళ నుంచి కార్లలో వచ్చారు. వచ్చినవాళ్ళు తమ నీళ్ళ సీసాలు తామే తెచ్చుకున్నారు.

బహుమతి నిర్ణేతలు వచ్చే రోజూ, రాఘవులు ఇంట్లో బారసాల రోజూ ఒకటే అయ్యాయి. వియ్యపురాలు శేషారత్నం తమ ఊరి నుంచి కారులో దిగింది. వాకిలి చూసి నిలబడిపోయింది.

"అబ్బ, ఏం పూసిందన్నయ్యా. మా ఊళ్ళో ఇట్టాంటివి ఒక్కటీ లేవు. అందరి ఇళ్ళ ముందూ గోరుచిక్కుళ్ళే."

రాఘవులు కాళ్ళకు నీళ్ళిచ్చాడు. ఇచ్చింది గ్లాసుడు. ఆవిడ గ్లాసు వంక చూసింది, తన కాళ్ళ వంక చూసింది. తాగమన్నారేమో అనుకుని తాగేసింది. తిరుపతమ్మ తలుపు చాటుకు పోయి కొంగు నోట్లో పెట్టుకుంది.

లోపలికి పోయాక శేషారత్నానికి అన్నీ అర్థమయ్యాయి. మూలన ఉతకని గుడ్డల మూట. పసిదాని మెడ మడతల్లో ఎర్రటి చెమటకాయ. కోడలి తల జడలు కట్టి, నూనె మరకలతో అట్టగట్టి ఉంది.

"పిల్లకి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది వదినా?"

తిరుపతమ్మ గుడ్డల మూటను కాలితో మంచం కిందికి నెట్టింది.

"నేను తప్పు పట్టటంలా. ఊరు ఇట్టా ఉంటే మీరేం జేస్తారు? కానీ ఇంక దీన్ని ఇక్కడ ఉంచను. ఈ రోజే తీసుకుపోతాను."

పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లని బారసాల నాడే అత్తగారు తీసుకుపోవడమంటే ఏంటో ఆడపిల్లల తండ్రులకు చెప్పక్కర్లేదు. రాఘవులు గోడకానుకుని నిలబడ్డాడు. హైమ మంచం మీద నుంచి అంది.

"నానా, అట్టా నిలబడమాక. నువ్వు మోసిన నీళ్ళు నాకు తెలవదా?"

అప్పుడే బయట బ్యాండు మోగింది. నిర్ణేతలు, కమిషనర్ గారు, గుణశేఖరం, టోపీల వాళ్ళు, కెమెరాలు. ఊరికి వసంతపురి బహుమతి వచ్చేసింది. ఊరి మొత్తంలో ఉత్తమ గృహం రాఘవులుది. అతన్ని వాకిట్లోకి లాక్కొచ్చి శాలువా కప్పారు. నిర్ణేతల్లో పెద్దాయన మైకు తీసుకున్నాడు.

"తుమ్మలమెట్ట మనకు ఒక మహత్తర సూత్రాన్ని అందించింది. ఆపితే వికసిస్తుంది. దీన్ని మొక్కలకే పరిమితం చేయరాదు. పంతుళ్ళను ఆపి బడులను, మందులను ఆపి ఆస్పత్రులను వికసింపజేసే దిశగా ఒక కమిటీ వేస్తున్నాం. ఈ సూత్రానికి మూలపురుషుడైన ఈ సామాన్యుడు రెండు మాటలు మాట్లాడాలి."

మైకు రాఘవులు చేతికొచ్చింది. ఎప్పుడూ మైకు పట్టుకోని మనిషి. దాన్ని టేపులాగా పట్టుకున్నాడు.

"అయ్యా, ఈ బహుమతి మీరే తీసుకుపోండి. పూలు కూడా కోసుకుపోండి. మా ఊరికి నీళ్ళొదలండి. నా మనవరాలికి స్నానం జేయించాలి. ఇంకో గంటలో అది ఊరు దాటిపోతంది."

 పెద్దాయన చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

"చూశారా నిరాడంబరత," అన్నారు కమిషనర్ గారు, మైకు తీసుకుని. "బహుమతి కూడా వద్దంటున్నాడు. ఇట్టి త్యాగశీలి ఇంటిని 'శాశ్వత వసంత గృహం'గా ప్రకటిస్తున్నాను. ఈ ఇంటికి వాడిపోవడం అనే ప్రమాదం ఎన్నటికీ రాకుండా, కుళాయి పైపును వేరుతో సహా పెకలించవలసిందిగా ఆదేశిస్తున్నాను."

గునపాలు వచ్చాయి. మస్తాన్‌వలి గోడ దిగి అడ్డం పోబోతే టోపీల వాళ్ళు ఆపారు. రాఘవులు శాలువాతో నిలబడి ఉండగానే వాకిలి తవ్వి, మట్టిలోంచి పైపు బయటికి లాగారు. తుప్పు పట్టిన ఆ పైపు చివర నుంచి ఒక చుక్క జారి నేల మీద పడింది. గుణశేఖరం గబగబా దాని మీద మట్టి కప్పాడు, మొక్క వైపు పోకుండా.

తిరుపతమ్మ అదంతా గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి పోయింది. ఉయ్యాల తాళ్ళు విప్పింది. కారప్పొడి సీసా, నెయ్యి గిన్నె, శొంఠి పొట్లం, పాత మెత్తటి చీరలు మూటగట్టింది. మూట తెచ్చి శేషారత్నం కారులో పెట్టింది.

"వదినా, సిగ్గు విడిచి అడుగుతున్నా. పిల్లతో పాటు మేమూ వస్తాం. పురుడు చెయ్యాల్సింది నేను. మా ఇంట్లో చెయ్యలేకపోయా, మీ ఇంట్లో చేస్తా. మీ గోరుచిక్కుళ్ళ పక్కన ఇంత చోటియ్యి."

శేషారత్నం ఆ మూటను సీటు మీద లోపలికి జరిపింది. "చోటుకేంలే వదినా. కుట్టు మిషను కూడా ఎక్కించమను అన్నయ్యని. నా రాణీ రంగు ముక్క జాకెట్టయిందేమో చూద్దామని వచ్చా, అదేమో చెట్టుకి కుట్టాడని హైమ చెప్పింది, ఇంకోటి కుడతాడు."

అలా లోకంలో ఎక్కడా లేనట్టు, పురిటికొచ్చిన కూతురి వెంట అమ్మానాన్నలే పురిటికి వెళ్ళారు. ఆ సాయంత్రం శేషారత్నం గారి పెరట్లో తిరుపతమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిదాన్ని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. రాఘవులు తొట్టి నుంచి ముంచి ముంచి అందించాడు. గోరువెచ్చటి నీళ్ళు వీపు మీద పడగానే పసిది ఏడుపు ఆపి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ వదిలింది. నీళ్ళు కాలవ గట్టి గోరుచిక్కుడు పాదులోకి పోయాయి. ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

తుమ్మలమెట్టలో రాఘవులుని చూసి మస్తాన్‌వలి వాళ్ళు అత్తగారి ఊరు పోయారు. తిట్టిపోయిన ముసలమ్మ తమ్ముడింటికి పోయింది. ఆ తర్వాత వీధులకు వీధులే తాళాలు వేసుకున్నాయి. ఎవరూ లేని ఇళ్ళ ముందు, ఎవరూ నీళ్ళు పొయ్యని మొక్కలు, జన్మలో పూయనంతగా పూశాయి. కమిషనర్ పీతాంబరం గారు ఆ ఏడాది పైకి పంపిన నివేదిక చాలా చిన్నది. పుష్పించిన గృహములు, అన్నీ. నీటి వినియోగము, లేదు. చెత్త, లేదు. మురుగు, లేదు. ప్రజల నుండి ఫిర్యాదులు, ఒక్కటి కూడా లేదు.

ఆయనకి ప్రమోషన్ వచ్చింది. పెద్ద ఊరు ఇచ్చారు.

సరేనండీ, ఉంటాను. ఇది మీ కుటుంబం గ్రూపులో పెట్టండి, వీధి గ్రూపులో పెట్టండి, నీళ్ళు పట్టుకునే దగ్గర నిలబడ్డవాళ్ళకి చదివి వినిపించండి. మీ మునిసిపాలిటీ వాళ్ళున్న గ్రూపులో మాత్రం పెట్టమాకండి, పాపం వాళ్ళకి ఇంకా ఈ ఉపాయం తెలిసుండదు.